పిలవొచ్చు

పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో యోగానంద గుమాస్తా. చుట్టుపక్కల ఎవరి ఎక్సెల్ షీటు మొరాయించినా ఆయనకే ఫోన్. అన్నం ముందు కూర్చుని ఉన్నా చెయ్యి కడుక్కుని లేచేవాడు. "మొదట తేదీలు సూడప్పా. గడిలో ఎడమపక్కకి ఒరిగినాదంటే అది తేదీ కాదు, ఉత్త అక్షరాలు" అనేవాడు. నూటికి తొంభై సార్లు జబ్బు అక్కడే దొరికేది. ఊరందరి ఫార్ములాలనూ అనుమానించిన ఈ పెద్దమనిషి, తన ఫార్ములాను మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.

ఆయన ప్రాణం పెట్టి చేసిన పని ఒకటుంది. తమ్ముడు నరేంద్రతో కలిసి తయారుచేసిన రక్తదాతల పట్టిక. పేరు, ఊరు, గ్రూపు, చివరిసారి రక్తమిచ్చిన తేదీ. మూడు నెలలు దాటితే చివరి గడిలో "పిలవొచ్చు" అని వస్తుంది, లేకుంటే "వద్దు". తమ్ముడు బండి మీద ఊరూరూ తిరిగి కాగితాల మీద వివరాలు రాయించుకొచ్చేవాడు, అన్న ఎక్కించేవాడు. మొదట్లో అక్కడక్కడా ఎర్రర్లు కనబడేవి. నలుగురూ చూసే పట్టికలో ఆ మచ్చలేమిటని ఆయనకు చిరాకు. ఎర్రర్ వచ్చిన చోటల్లా "వద్దు" అని చూపించమని ఫార్ములాకు చెప్పేశాడు. పట్టిక అద్దంలా తయారైంది. అందరూ శభాష్ అన్నారు.

ఒకనాడు పూతలపట్టు కూడలిలో నరేంద్రను లారీ గుద్దింది. తిరుపతి ఆసుపత్రిలో బి నెగటివ్ కావాలన్నారు, నిల్వ లేదన్నారు. యోగానంద ఫోన్‌లో పట్టిక తెరిచి బి నెగటివ్‌లో పిలవదగిన వాళ్లను వెతికాడు. ఒక్క పేరే వచ్చింది. నరేంద్ర. లోపల పడుకున్నవాడి పేరు. చిత్తూరు నుంచి రక్తం తెప్పించేలోపే అంతా అయిపోయింది.

దినాలనాడు తిరుచానూరులో పూలమ్మే రాజారత్నం దండ పట్టుకుని వచ్చాడు. ఫోటోకు దండ వేసి, యోగానంద చెయ్యి పట్టుకుని బావురుమన్నాడు.

"నన్నేంటికి పిలవలేదప్పా? నాదీ అదే గ్రూపు గదా. ఆస్పత్రికి ఆటోలో వచ్చేంత దూరంలో ఉండా. నేను రక్తమిచ్చి ఏడాది దాటిపాయ!"

వచ్చినవాళ్లు ఇంకా విస్తళ్ల ముందు ఉండగానే యోగానంద లోపలికి వెళ్లి కంప్యూటర్ తెరిచాడు. రాజారత్నం పేరు ఉంది. చివరి గడిలో "వద్దు" అనీ ఉంది. తేదీ వైపు చూశాడు. అది ఎడమపక్కకు ఒరిగి ఉంది.

తేదీ మధ్యలో చుక్కలున్నాయి. మన వైపు బడిలో పలక పట్టిన నాటి నుంచి తేదీకి చుక్కలే పెడతాం. రాజారత్నమూ కాగితం మీద అలాగే రాశాడు, యోగానంద ఉన్నదున్నట్టు ఎక్కించాడు. ఆ చుక్కలతో అది తేదీ అని పోల్చుకోలేక ఎక్సెల్ ఎర్రర్ అని అరిచే ఉంటుంది పాపం. దాని నోరు మూసింది తనే.

దాచిపెట్టమన్న మాటను ఫార్ములాలోంచి తీసేశాడు. చివరి గడుల్లో పైనుంచి కిందిదాకా ఎర్రర్లు బయటపడ్డాయి. ఇన్నాళ్లూ పిలవని మనుషులు. ఒక్కొక్క చుక్కా చెరిపి గీత పెట్టుకుంటూ పోయాడు. పని అయ్యాక మళ్లీ బి నెగటివ్ వెతికాడు.

ఈసారి రెండు పేర్లు వచ్చాయి. రాజారత్నం, పిలవొచ్చు. దాని కింద నరేంద్ర, పిలవొచ్చు. ఆనాడు ఈ రెండు పేర్లూ ఇలా కనబడి ఉంటే తమ్ముడు ఈపాటికి బండి తీస్తూ ఉండేవాడు. తమ్ముడి వరసను తీసేద్దామని దాని మీద వేలు పెట్టాడు గానీ నొక్కలేకపోయాడు.

తల్లి ఆదిలక్ష్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఆమెకు ఈ లెక్కలేవీ తెలియవు. కొడుకు ఎవరిదో షీటు బాగుచేస్తున్నాడనుకుంది.

"సరిపోయిందా నాయనా?"

"సరిపోయిందిమా" అన్నాడు యోగానంద. అని, తల్లి కొంగులో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.