టైపక్క ఇంటికి నిఘంటువు వచ్చిన రోజులు

వీధిలో ఆవిడని అందరూ టైపక్క అనేవారు. అసలు పేరేమిటని అడిగితే పక్కింటివాళ్ళు కూడా కాసేపు బుర్ర గోక్కోవలసిందే. పెళ్ళయి వచ్చిన కొత్తలో ముందుగదిలో టైపు మిషన్లు పెట్టి నేర్పేది. సాయంత్రమైతే ఆ గదిలోంచి రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టు ఒకటే చప్పుడు. తర్వాత మిషన్ల కాలం చెల్లింది. ఏదో ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన కంప్యూటర్ ఒకటి కొనుక్కొచ్చి, అదే గదిలో కరపత్రాలు, విజిటింగ్ కార్డులు, అర్జీలు కొట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. పని మారినా పేరు మాత్రం మారలేదు.

ఆ కంప్యూటర్ అప్పటికే ముసలిది. మానిటర్ వెనక గుమ్మడికాయంత ఉబ్బు. మీట నొక్కితే మూలిగి, దగ్గి, ఎప్పటికో గానీ కళ్ళు తెరిచేది కాదు. టైపక్క ఈలోగా వెళ్ళి స్టవ్ మీద కుక్కర్ పెట్టి వచ్చేది. ఆవిడ తప్ప దాన్ని ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. అత్తగారికి మాత్రం మినహాయింపు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని అందులో పేకాట ఆడుకునేది. ఇక టైపక్క భర్త పంపుహౌసులో ఆపరేటరు. ఇంట్లో మాట్లాడవలసిందంతా పంపులతోనే మాట్లాడేసి వస్తాడేమో అన్నట్టు ఉండేవాడు.

ఒకరోజు మరిది ఫోన్ చేశాడు. అతను వంతెనలు కట్టే కంపెనీలో సర్వేయరు, ఎక్కడో దూరాన ఉండేవాడు.

"వదినా, నేను పెళ్ళి చేసుకున్నాను. అమ్మకి నువ్వే చెప్పాలి."

"ఎవర్ని చేసుకున్నావు నాయనా?"

"ఇక్కడి అమ్మాయినే. చాలా మంచిది. ఒక్కటే చిక్కు, మన భాష రాదు."

"వస్తుందిలే. నీకు మాత్రం పుట్టగానే వచ్చిందా?" అంది టైపక్క. అనడం తేలికే.

పెళ్ళాన్ని తీసుకొచ్చి దింపి, కంపెనీ క్వార్టర్స్ ఇచ్చేదాకా ఇక్కడే ఉంటుందని చెప్పి, సెలవు లేదని మరిది వెంటనే వెళ్ళిపోయాడు. ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు మిగిలారు. చిన్నకోడలు వాళ్ళ భాషలో ఏదో అంటుంది. వీళ్ళు వీళ్ళ భాషలో ఏదో అంటారు. తర్వాత అందరూ కలిసి నవ్వుతారు. అత్తగారికయితే గట్టిగా చెబితే ఏ భాషయినా అర్థమవుతుందని గట్టి నమ్మకం. "నీ-ళ్ళు! నీ-ళ్ళు కావాలా?" అని ఆవిడ అరిచే అరుపుకి వీధి చివర కుక్క లేచి నిలబడేది. పిల్ల బెదిరిపోయి అక్కడున్న గిన్నెలన్నీ తెచ్చి ముందు పెట్టేది.

ఇలా కొన్నాళ్ళు గడిచాక ఆ పిల్ల అన్నం సరిగా తినడం మానేసింది. మూల గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంటే పుట్టింటి మీద బెంగ అనుకున్నారు. అత్తగారు జాలిపడి మిఠాయిలు తెప్పించి దగ్గర కూర్చుని మరీ తినిపించింది. తిన్నకొద్దీ ఆ పిల్ల ఏడుపు ఎక్కువైంది. చివరికి ఓ ఉదయం చూస్తే బుగ్గ బూరెలా ఉబ్బిపోయి ఉంది. పన్ను పుచ్చి, లోపల చీము పట్టింది. దాని మీద వీళ్ళు మిఠాయిలు కుక్కారు.

పళ్ళ డాక్టరు ఆ పన్ను పీకేసి, "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారండీ? ఈవిడ చెప్పలేదా?" అని కసురుకున్నాడు.

"చెప్పే ఉంటుందండీ," అంది టైపక్క. ఇంటికొచ్చే దారి పొడుగునా ఆవిడకి అదే ఆలోచన. తన చేతిలో ఊళ్ళోవాళ్ళ అర్జీలన్నీ పడతాయి. కరెంటు రాలేదనీ, గోడ కూలిందనీ ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటే చక్కటి మాటల్లో పెట్టి ఇస్తుంది. సొంత తోడికోడలు పంటినొప్పి మాత్రం ఆవిడకి అందలేదు.

మర్నాడే బస్టాండు పక్కన సీడీలు అమ్మే కొట్టుకి వెళ్ళింది. అక్కడ దుమ్ము కొట్టుకుపోయిన పెట్టెలో దొరికింది రెండు భాషల నిఘంటువు. ఇటు మాట కొడితే అటు అర్థం, అటు కొడితే ఇటు. "పాత కంప్యూటర్‌లో ఎక్కుతుందా?" అని అడిగితే కొట్టువాడు, "ఎందుకెక్కదమ్మా, భేషుగ్గా ఎక్కుతుంది," అన్నాడు. అమ్మేవాడిదేం పోయింది!

తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఆ కంప్యూటర్‌కి సీడీ పెట్టే అరే లేదు. ఫ్లాపీలు మింగే సన్నటి నోరొక్కటే ఉంది. రిపేర్లు చేసే 'నట్టు'ని పిలిచింది. చొక్కా జేబులో ఎప్పుడూ నట్లూ బోల్టులూ గలగలలాడుతుంటాయని అతనికి ఆ పేరు. అతను ఎక్కడినుంచో ఓ సీడీ డ్రైవ్ ఊడబీకి తెచ్చి, సీపీయూ డొక్క తెరిచి, లోపల ముడేసినట్టున్న తీగల మధ్య దాన్ని ఇరికించాడు. మూత పట్టలేదు. తెరిచిన డొక్కతోనే పని కానిచ్చారు.

"అక్కా, డిస్కులో చోటు లేదు. ఏదో ఒకటి తీసెయ్యాలి," అన్నాడు.

"నా పేకాట జోలికి వెళ్ళావంటే ఊరుకోను," అని అత్తగారు వంటింట్లోంచే హెచ్చరించింది.

"అది ఆవగింజంతే పిన్నీ, తీసినా లాభం లేదు. ఇదిగో, ఈ పూల అంచుల బొమ్మలు బోలెడు చోటు తినేస్తున్నాయి."

అవి టైపక్క సొంతంగా గీసుకున్నవి. కరపత్రాల చుట్టూ వేయడానికి తీగలు, మొగ్గలు, చిలకలు, ఒక్కో చుక్కా పేర్చి ఏళ్ళ తరబడి చేసుకున్నవి. చిన్నకోడలు బుగ్గకి గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. టైపక్క ఒక్కో బొమ్మా తెరిచి చూసుకుని, ఒక్కోటీ తీసేసింది.

సీడీ గిర్రున తిరిగింది. తెర మీద నీలం గీత చీమలా పాకుతూ పాకుతూ, ఇక అయిపోవచ్చిందనగా కరెంటు పోయింది. నట్టు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. కరెంటు వచ్చాక మళ్ళీ మొదట్నుంచీ. ఈసారి సీడీ అట్ట మీద ఉన్న నంబరు కొట్టమంది. అట్ట ఏదీ? వెతగ్గా వెతగ్గా అత్తగారి కాఫీ గ్లాసు కింద తేలింది.

మొత్తానికి సాయంత్రానికి నిఘంటువు ఎక్కింది. తెరిచి చూస్తే మన భాష ఉండాల్సిన చోట అన్నీ ఖాళీ డబ్బాలు, ఇటుకలు పేర్చినట్టు. రెండో భాష మాత్రం శుభ్రంగా కనబడుతోంది.

"ఫాంటు లేదు. నా ఫ్లాపీల్లో ఉంటుంది," అని టైపక్క లేచేలోగా, చిన్నకోడలు గబగబా వచ్చి తెరకి అడ్డంగా నిలబడింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక తన అక్షరాలు ఆమెకి కనబడటం అదే మొదలు. తెర మీద వేలు జరుపుతూ ఒక మాట పైకి చదివింది. మరో మాట చదివింది. అలా చదువుకుంటూ పోయింది. గొంతులో అంత ధాటి ఉందని ఇంట్లో ఎవరికీ అప్పటిదాకా తెలియదు. టైపక్క ఫ్లాపీ చేత్తో పట్టుకుని, ఆమె చదవడం ఆపేదాకా నిలబడింది.

ఫాంటు పెట్టాక ఇటుకలన్నీ అక్షరాలయ్యాయి. మొదటి మాట తనే అడగాలనుకుంది టైపక్క. పన్ను నొప్పి తగ్గిందా అని అడుగుదామని 'పన్ను' అని కొట్టింది. చిన్నకోడలు తెర మీద వచ్చిన అర్థం చదివి తెల్లబోయింది. లోపలికి వెళ్ళి తన చిల్లర సంచీ తెచ్చి తోడికోడలి ముందు పెట్టింది. నట్టుకి ముందు అర్థమై పగలబడి నవ్వాడు.

"అక్కా, అది సర్కారుకి కట్టే పన్ను చూపించింది! రెండో అర్థం కింద ఉంది, కిందికి జరుపు!"

ఆనాటినుంచి మధ్యాహ్నాలు ఆ ముసలి కంప్యూటర్ ముందే గడిచేవి. చిన్నకోడలు చురుకైనది. ఒక్కో మాటా ఏరుకుని వెంటనే వాడేసేది. వచ్చిన చిక్కల్లా ఆ నిఘంటువు ఏ పండితుడు రాశాడో గానీ అందులో మామూలు మాటలు తక్కువ. ఒకనాడు వంటింట్లోంచి ఆమె కేక పెట్టింది.

"అక్కా! మార్జాలం క్షీరం పానం చేస్తున్నది!"

అత్తాకోడళ్ళు ఆ వాక్యాన్ని అరిగించుకునేలోగా పిల్లి గిన్నె ఖాళీ చేసి గోడ దూకేసింది. తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేవాణ్ణి "వర్తకా, వంకాయలు లేతవేనా?" అని అడిగితే, "నన్నింత మర్యాదగా మా నాన్న కూడా పిలవలేదమ్మా," అని గుప్పెడు మిరపకాయలు ఊరికే వేశాడు.

"ఇదేమిటే, పురాణం చెబుతున్నట్టు మాట్లాడుతుందీ పిల్ల," అని అత్తగారు మురిసిపోయేది.

అన్నిటికన్నా టైపక్కకి బాగా గుర్తుండిపోయింది వాళ్ళ మొదటి పోట్లాట. టైపక్క ఒక పెద్ద అర్జీ సగం పైగా కొట్టి, పొయ్యి మీద పాలు చూడటానికి వెళ్ళింది. కరెంటు దండగ అవుతోందని చిన్నకోడలు వచ్చి గోడ మీద స్విచ్చి కట్టేసింది. దాచుకోని పనంతా గంగలో కలిసింది. టైపక్క నోటికొచ్చినట్టు అరిచింది. చిన్నకోడలికి మాటలు సగమే అందాయి గానీ అవి తిట్లేనని తెలుసు. ఆమె ఊరుకోలేదు. తోడికోడలి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కుర్చీ పక్కన నిలబెట్టి కంప్యూటర్ ఆన్ చేసింది. అదేమో మూలగాలి, దగ్గాలి, కళ్ళు తెరవాలి. అంతసేపూ ఇద్దరూ చేతులు కట్టుకుని చెరో గోడవైపు చూస్తూ నిలబడ్డారు.

నిఘంటువు తెరుచుకోగానే చిన్నకోడలు టపటపా ఒక మాట కొట్టి తెర చూపించింది. 'అహంకారి' అని ఉంది.

"నేనా?" అంటూ టైపక్క కుర్చీ లాక్కుని 'నిర్లక్ష్యం' అని కొట్టింది.

చిన్నకోడలు చదివి, మళ్ళీ కుర్చీ లాక్కుంది. 'అన్యాయం.'

టైపక్క 'బుద్ధి' అని కొట్టి, దానికి 'లేదు' ఎలా తగిలించాలో తోచక తల విదిల్చి చూపించింది.

మంచం మీద నుంచి అంతా చూస్తున్న అత్తగారు, "నా తరఫున కూడా ఒకటి కొట్టవే," అంది.

"ఎవరి మీద అత్తయ్యా?"

"ఎవరి మీదైతేనేం, మీ ఇద్దరూ హాయిగా తిట్టుకుంటున్నారు, నేనొక్కదాన్నీ ఊరికే కూర్చోనా?"

టైపక్కకి నవ్వు ఆగలేదు. చిన్నకోడలికి ఆ మాట పూర్తిగా అర్థమైందో లేదో గానీ, టైపక్కని చూసి తనూ నవ్వింది. తర్వాత అర్జీ కాగితాన్ని ఆమె పట్టుకుని కూర్చుంటే టైపక్క మళ్ళీ మొదట్నుంచీ కొట్టింది.

కొన్నాళ్ళకి క్వార్టర్స్ వచ్చాయి. మరిది వచ్చి తీసుకెళ్ళేనాటికి ఆ పిల్ల అచ్చం ఈ వీధిలో పుట్టినదానిలాగే మాట్లాడేది. ఆమె వెళ్ళాక ముందుగదిలో టైపక్కకి ఏమీ తోచలేదు. పనిలేని మధ్యాహ్నాల్లో నిఘంటువు తెరిచి, ఈసారి అటువైపు మాటలు చదువుకోవడం మొదలుపెట్టింది. అనుమానం వస్తే తోడికోడలికి ఫోన్ చేసేది. ఆ తర్వాత ఊరి బయట మిల్లులో పనికి ఆ భాషవాళ్ళు కుటుంబాలతో వచ్చారు. వాళ్ళ పిల్లల బడి అర్జీలు, ఇంటి అద్దె కాగితాలు రెండు భాషల్లోనూ కొట్టి ఇచ్చేది టైపక్క ఒక్కతే. కొట్టు తెరవగానే గదిలో రెండు భాషలూ గలగలమనేవి. అత్తగారు పోయేదాకా ఆ సందడి మధ్యనే పేకాట ఆడుకుంది.

కంప్యూటర్ ఒకనాడు మూలిగింది గానీ కళ్ళు తెరవలేదు. నట్టు చూసి, "డిస్కు పోయిందక్కా, నిఘంటువూ అంతే," అన్నాడు. కొత్తది కొన్నా అందులో ఆ పాత సీడీ ఎక్కలేదు. అప్పటికి ఆవిడకి దాని అవసరమూ లేకపోయింది. చూపు మందగించాక కొట్టు మూసేసింది.

ఇప్పటికీ చిన్నకోడలు ఏటా వచ్చి నాలుగు రోజులుండి వెళుతుంది. మొన్న వచ్చినప్పుడు కూతుర్ని కూడా తీసుకొచ్చింది. ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. గిన్నె అడుగున మిగిలిన కాస్త పెరుగు చూపించి టైపక్క, "ఇంకో చిటుమి వేసుకో తల్లీ," అంది.

"పెద్దమ్మా, కొంచెం అనడానికి అమ్మ కూడా చిటుమి అంటుంది. ఇంకెక్కడా విన్లేదు. ఏ భాష మాట?"

"మీ అమ్మ వాళ్ళదే. దాని దగ్గరే నేర్చుకున్నాను."

చిన్నకోడలు ముద్ద కలుపుతూ ఆగిపోయింది. "అదేంటక్కా! మా వైపు అలాంటి మాటే లేదు. మీ భాష అనుకునే కదా ఇన్నాళ్ళూ నేనూ అంటున్నాను!"

"ముమ్మాటికీ మీదే. మొదట నువ్వే అన్నావు, ఆ గుమ్మంలో నిలబడి."

"నేను కాదు, అత్తయ్య అంది."

"అత్తయ్య ఎప్పుడందే?"

పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ, మిగిలిన పెరుగు తనే వేసుకుంది.