దించిన చేతులు

నా తమ్ముడు భూమేశ్ ఎడమ కన్ను పోగొట్టినవాడి పేరు యోస్వానీ. క్యూబా దేశస్థుడు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ముందుగా వాళ్ళ మంచితనం రాయాలంటారు. నేను ముందుగా ఈ పేరు రాస్తున్నాను. తమ్ముడు ఉండి తన కథ తానే చెప్పుకున్నా ఇక్కడే మొదలుపెట్టేవాడు.

మాది జగిత్యాల దగ్గర ఊరు. తమ్ముడు నిజామాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటూ బాక్సింగ్ నేర్చుకున్నాడు. అక్కడి కోచ్ సారు పిల్లలకు కొట్టడం కంటే ముందు ఆగడం నేర్పేవాడు. రెఫరీ "స్టాప్" అన్నాడంటే చేతులు కిందికి దిగాలి, ఒక అడుగు వెనక్కి పడాలి. మళ్ళీ మొదలుపెట్టమని "బాక్స్" అన్నాకే చేతులు లేవాలి. దించనివాడు ఎండలో మైదానం చుట్టూ పరుగెత్తాలి. ఆ అలవాటు తమ్ముడికి ఎంత ముదిరిందంటే, అన్నం ముందు కూర్చున్నప్పుడు అమ్మ వంటింట్లోంచి "ఆగురా, పప్పు తెస్తున్న" అంటే కంచం మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకునేవాడు. మేమంతా పడీ పడీ నవ్వేవాళ్ళం.

రాష్ట్ర పోటీల్లో అరవై కిలోల బరువులో రెండేళ్ళు వరసగా బంగారు పతకం తెచ్చాడు. జాతీయ పోటీల్లో కంచుది. పేపర్లో ఫొటో వచ్చింది. ఉద్యోగం రాలేదు. అప్పటికే నేను కువైట్‌లో, అర్దియాలో ఒక ఇంట్లో వంట చేస్తున్నాను. తనకు వఫ్రాలో తోట పని వీసా దొరికింది. పతకం మెడలో వేసుకున్న మనిషి గ్రీన్‌హౌస్‌లో కీరదోస తీగలను దారాలకు చుట్టి పైకి పాకించాడు.

మా ఇంటి యజమానురాలిని అందరం మామా అంటాం. ఆమె పెద్దకొడుకు ఫహద్‌కు అర్దియా షెడ్ల మధ్య ఒక బాక్సింగ్ జిమ్ ఉంది. ఒక సాయంత్రం చాయ్ ఇస్తూ ఫోన్‌లో తమ్ముడి ఫొటో చూపించాను. అతను చాయ్ పక్కన పెట్టి ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. కొన్ని వారాల్లో వీసా ఇచ్చిన తోట కఫీల్‌తో మాట్లాడి ఇఖామా కార్డు తన జిమ్ పేరుకు మార్పించాడు. అప్పటినుంచి తమ్ముడికి పొద్దున జిమ్ తుడవడం, సాయంత్రం సాధన, శుక్రవారం పోటీ. తలకు రక్షణ టోపీ లేదు, గ్లవ్స్ పలచన, కొట్టుకున్నందుకు జీతం. చాంపియన్ కాస్తా ప్రొఫెషనల్ అయ్యాడు.

రింగ్ మూలన నిలబడి తమ్ముడికి నీళ్ళిచ్చి మొహం తుడిచేది బుజ్జిబాబు. మామా ఇంటి డ్రైవరు, అమలాపురం అవతలివాడు. పోటీ అయ్యాక వంటింటి గుమ్మంలో నిలబడి నాకు కథంతా వినిపించేవాడు.

"మీవోడు కొడితే అవతలోడు పడ్డం లేదండి గంగామణి గారూ. సిగ్గుతో కూలబడిపోతన్నాడండి. ఆయ్!"

"నీ దిష్టే తగులుతది పోరనికి. మూస్కొని తిను."

"నా దిష్టేం చేత్తాదండి, నాది కోనసీమ కన్ను. కొబ్బరికాయలకి తప్ప తగల్దు."

వరసగా గెలిచాడు. అప్పుడు ఫహద్ యోస్వానీని తెచ్చాడు.

యోస్వానీ కూడా తన దేశంలో పతకాల కోసం ఆడిన అమెచ్యూర్ చాంపియనే. వాళ్ళ దేశంలో చాలా ఏళ్ళపాటు డబ్బుకు బాక్సింగ్ ఆడనిచ్చేవారు కాదట. ఏదో పోటీకని పరాయి దేశం వెళ్ళి జట్టుతో తిరిగి వెళ్ళకుండా ఉండిపోయాడట. తల్లి పోయినప్పుడు కూడా ఇంటికి వెళ్ళే దారి లేకపోయిందట. ఆ ఊరూ ఈ ఊరూ తిరిగి, గెలుపులు తగ్గి, చివరికి కువైట్ చేరాడు. ఈ సంగతులన్నీ తమ్ముడే నాకు చెప్పాడు, గురువు గురించి చెప్పినట్టు.

"అక్కా, ఆయన పాదాలు సూడాలె నువ్వు. మా కోచ్ సారు బోర్డు మీద గీసినట్టే పడుతయ్."

"పాదాలకు దండం పెట్టుకుంట నిలబడకు. తంతడు."

"తన్నుడు కాదక్కా, గుద్దుడు" అని నవ్వాడు.

ఆ శుక్రవారం నేను కూడా వెళ్ళాను. షెడ్డులో వెనకగా, జిమ్ శుభ్రం చేసే ఆసియా బీ పక్కన నిలబడ్డాను. మూడో రౌండులో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పెనుగులాడారు. రెఫరీ "స్టాప్" అన్నాడు. తమ్ముడి చేతులు దిగాయి. ఒక అడుగు వెనక్కి పడింది. అప్పుడు యోస్వానీ కుడిచెయ్యి వచ్చింది. తమ్ముడు మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగాడు. మాట కంటే దెబ్బ ముందే బయల్దేరిందని చెప్పి రెఫరీ అంకెలు లెక్కపెట్టాడు. నేను చూశాను. ఆసియా బీ చూసింది. మాట ముందు, దెబ్బ తర్వాత.

ఇంకెవడైనా కొట్టి ఉంటే తెలియక కొట్టాడనుకునేదాన్ని. యోస్వానీకి తెలుసు. "స్టాప్" అంటే చేతులు దించాలని అతనికీ చిన్నప్పుడే నేర్పారు. ఆ మాటకు దిగని చేతులు అమెచ్యూర్‌కు ఉండవని తెలుసు కాబట్టే అక్కడ కాచుకుని కొట్టాడు. ఒక ఇంటి బిడ్డే ఆ ఇంటి తలుపు గడియ ఎక్కడుందో దొంగకు చెప్పినట్టు.

కంటి లోపలి పొర ఊడిందన్నారు. ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక ఎడమవైపు తుఫాను దుమ్ము లేచినట్టు బూడిదరంగు తప్ప ఏమీ కనబడలేదు. ఇక రింగ్ ఎక్కవద్దన్నాడు డాక్టరు. యోస్వానీ ఆసుపత్రికి రాలేదు. ఎవరి చేతో ఒక సంచీ నిండా నారింజలు పంపాడు. సంచీతో సహా చెత్తకుండీలో పడేశాను.

ఒక రోజు ఉల్లిగడ్డలు తరుగుతున్న నా ఎదురుగా తమ్ముడు వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, ఆయనతోని మల్ల కొట్లాడుత."

"ఒంటి కన్నుతోనా?"

"ఆయన్ని కొట్టేతందుకు ఒక్కటి సాలు."

"ఎట్ల కొడ్తవ్?"

"స్టాప్ అన్నంక నేను చేతులు దించుత. ఆయన ఊకోడు, మల్ల వస్తడు. వచ్చేటోన్ని రానిచ్చి కొడ్త."

నేను వద్దనలేదు. అనాలని కూడా అనిపించలేదు.

శుక్రవారాలు మామా కుటుంబం సముద్రం దగ్గరి విడిదికి వెళ్ళేది. మేడ మీద బట్టలారేసే చోట తమ్ముడు బియ్యం సంచిలో ఇసుక నింపి వేలాడదీశాడు. తను కొడుతూ ఉంటాడు. నేను "స్టాప్" అంటాను. తను చేతులు దించి వెనక్కి అడుగేస్తాడు. అప్పుడు నేను నేల తుడిచే తడిబట్టను ఎడమవైపు నుంచి అతని మొహం మీదికి విసరాలి. తను తప్పించుకుని సంచిని కొట్టాలి. మొదట్లో ప్రతిసారీ ఫట్టుమని చెంపకే తగిలేది.

"గట్ల నిలబడ్డవేందిరా ఎడ్డోని లెక్క! వంగు!"

"నువ్వు మా జోరుగ కొడుతున్నవ్. నిన్నే దించుత రింగ్‌ల."

ఒకసారి బుజ్జిబాబు నీళ్ళ ట్యాంకు చూడటానికి పైకొచ్చి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "ఇదేం చోద్యవండి బాబూ, అక్కాతమ్ముళ్ళు తడిగుడ్డలతో కొట్టుకుంటన్నారు!" అని, సంగతి విన్నాక మాత్రం నవ్వలేదు.

కంటితో అయ్యే పని కాదని తమ్ముడికి మెల్లగా తెలిసింది. చెవితో నేర్చుకున్నాడు. విసిరే ముందు నా చెప్పు నేలమీద కిర్రుమంటుంది. ఆ చప్పుడుకు తల తప్పించేవాడు. రెండో ఎండాకాలం వచ్చేసరికి నా గుడ్డ గోడకు తప్ప అతనికి తగల్లేదు.

పోటీకి ముందు జిమ్‌కు ఒక డాక్టరు వచ్చి కళ్ళు చూస్తాడు. ఒక కన్ను మూసి వేళ్ళు లెక్కపెట్టమన్నాడు. తమ్ముడు కుడిచేత్తో ఎడమ కన్ను మూశాడు. రెండోది మూయమంటే చెయ్యి మార్చి, ఎడమచేత్తో మళ్ళీ ఎడమ కన్నే మూశాడు. డాక్టరు ఒక చేత్తో వేళ్ళు చూపిస్తూ ఇంకో చేతిలోని ఫోన్ చూసుకుంటున్నాడు.

డాక్టరు సరేనన్నాక ఫహద్ ఇంకేమీ అడగలేదు, మళ్ళీ పోటీ అంటే అతనికి ఉత్సాహం. యోస్వానీ అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకు అంత తొందరగా ఒప్పుకున్నాడో మేము ఆలోచించలేదు.

మొదటి రౌండులో రెఫరీ "స్టాప్" అన్నాడు. తమ్ముడు చేతులు దించి వెనక్కి జరిగాడు. దించిన కుడిచెయ్యి ఎలా బిగుసుకుని ఉందో నాకు తెలుసు. యోస్వానీ రాలేదు. అతనూ చేతులు దించి ఒక అడుగు వెనక్కి వేశాడు. రెండో రౌండులోనూ అంతే. చిన్నప్పుడు నేర్చుకున్న పాఠం అప్పగిస్తున్నవాడిలా చేతులు దించి నిలబడ్డాడు.

విరామంలో బుజ్జిబాబు తమ్ముడి మొహం తుడుస్తూ చెవిలో గొణుగుతున్నాడు. "ఆడు రావట్లేదురా భూమేశూ. ఆడికి బుద్ధొచ్చింది. వదిలెయ్యరా బాబూ, పోటీ పోటీలా ఆడు."

తమ్ముడు అతన్ని చూడలేదు. తలంతా ఇటు తిప్పి, ఉన్న ఒక్క కంటితో షెడ్డులో వెనకగా ఉన్న నన్ను వెతికాడు. నేను తల ఊపాను.

మూడో రౌండులో "స్టాప్" అనగానే యోస్వానీ చేతులు దించాడు. ఈసారి తమ్ముడి వైపు చిన్నగా తల కూడా వంచాడు. క్షమించమనడమేనని ఇప్పటికీ అనుకుంటాను. తమ్ముడు ఒక అడుగు వెనక్కి వేసి, అదే కాలు ముందుకు తెచ్చి కుడిచేత్తో కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు నా దాకా వినిపించింది.

రెఫరీ తమ్ముడు ఓడినట్టు ప్రకటించాడు. ఫహద్ అరబీలో తిట్టగలిగినంత తిట్టి, ఈ గడప తొక్కవద్దన్నాడు. తమ్ముడి బాక్సింగ్ అక్కడితో సరి. యోస్వానీది కూడా.

కారు నడుపుతూ బుజ్జిబాబు అన్నాడు. "తప్పండి. అది మాత్రం తప్పేనండి. ఆడు చేతులు దించేశాడండి."

వెనక సీట్లోంచి తమ్ముడు అన్నాడు: "నేను దించలేదా?"

ఆ పూట తమ్ముడు మారు అడిగి మరీ అన్నం తిన్నాడు. కన్ను పోయిన తర్వాత తను కడుపునిండా తినడం నేను చూడటం అదే మొదలు. నాకు కూడా ఆకలి వేసింది.

మళ్ళీ వఫ్రా తోటకే వెళ్ళిపోయాడు. యోస్వానీ ఆ జిమ్‌లోనే పిల్లలకు నేర్పుతున్నాడని తెలిసింది. కన్నుకు దవడ, ఖలాస్ అన్నారు తెలిసినవాళ్ళు. మేమూ అలాగే అనుకున్నాం.

మన దేశంలో రోడ్డు దాటేవాడు ముందు కుడివైపు చూస్తాడు. ఇక్కడ బండ్లు ముందు ఎడమవైపు నుంచి వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళకు అది అలవాటు కావడానికి కాలం పడుతుంది. తమ్ముడికి ఎప్పుడో అలవాటైంది, కానీ అటు చూసే కన్ను లేదు. తల పూర్తిగా తిప్పి చూసుకుంటేనే దాటాలి. ఈ మాఘమాసంలో ఒక సాయంత్రం తోట ఎదురుగా ఉన్న బకాలా కొట్టుకు రొట్టెల కోసం దాటుతున్నాడు. రోడ్డు అవతలి నుంచి ఎవరో పిలిస్తే అటు చూశాడట. ఎడమవైపు నుంచి పికప్ వచ్చింది. మనిషి ఆగినట్టే కనిపించాడని, నన్ను చూశాడనుకున్నానని ఆ డ్రైవరు చెప్పాడు.

కాబట్టి ఖలాస్ కాలేదు. ఆ శుక్రవారం షెడ్డులో లేచిన యోస్వానీ చెయ్యి ఇన్నేళ్ళు నడిచి వచ్చి వఫ్రా రోడ్డు మీద తగిలింది.

శవాగారం దగ్గరికి తోటవాళ్ళు కొందరు వచ్చారు. లోపలి నుంచి స్ట్రెచర్ మీద మోసుకొచ్చి, అవతలి వరండాలో పేటికలో పెట్టి విమానానికి పంపాలి. మోసేవాళ్ళను ముందుకు రమ్మన్నప్పుడు వాళ్ళ వెనక నుంచి ఒక మనిషి వచ్చాడు. మొహం ఒకవైపుకు వంకరపోయి ఉంది. వచ్చీరాని అరబీ ముక్కల్లో, నేనూ మోస్తాను అన్నాడు.

బుజ్జిబాబు నా ముందుకు వచ్చి అడ్డుగా నిలబడ్డాడు. "మీరు చూడకండి. నేను పంపించేత్తాను."

"ఉండనీ. ఎడమ దిక్కుకు పట్టుమను. గా దిక్కుకెల్లి వచ్చినోడే గదా."

యోస్వానీ ఎడమవైపు పట్టుకున్నాడు. కొంతదూరం నడిచాక దించమన్నాను. మా వైపు శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు దారి మధ్యలో దించి, అయినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. దింపుడు కల్లెం అంటారు. ఒకవేళ ప్రాణం ఉంటే లేస్తాడేమోనని ఆఖరి ఆశ. కువైట్‌లో తమ్ముడికి అయినవాళ్ళంటే నేనొక్కదాన్నే. గుడ్డ తొలగించి, కుడి చెవి దగ్గర వంగి, "భూమేశా, తమ్మీ" అని మూడుసార్లు పిలిచాను. బుజ్జిబాబు గోడవైపు తిరిగిపోయాడు.

లేచి యోస్వానీ వైపు చూశాను. "నువ్వు గూడ పిలువు."

అర్థం కాలేదు. నేను రెండు చేతులూ మొహం దాకా ఎత్తి, "స్టాప్" అని, కిందికి దించాను. ఒక అడుగు వెనక్కి వేశాను. తర్వాత తమ్ముడి ఎడమ చెవి చూపించాను. ఆ చేతులు మళ్ళీ లేపే మాట అనమంటున్నానని అప్పుడు అర్థమైంది. అతని మొహం చూస్తే తెలిసింది.

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ నోరు సరిగ్గా తెరుచుకోదు. "బాక్స్" అన్నాడు, లోపలే.

"ఇనబడలే. మల్ల."

"బాక్స్."

"ఇంకోపారి."

మూడోసారి మాట సగమే వచ్చింది. అక్కడి ఉద్యోగి గుమ్మంలోంచి "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు.

"లేసిండా?" అన్నాను.

ఎవరూ తర్జుమా చేయనక్కర్లేకపోయింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"యాది పెట్టుకో."

మిగిలినవాళ్ళు స్ట్రెచర్ ఎత్తారు. ఎడమవైపు బుజ్జిబాబు వెళ్ళి పట్టుకున్నాడు. యోస్వానీ లేచి, రెండు చేతులూ కిందికి దించుకుని అక్కడే నిలబడ్డాడు. చేతులు ఎత్తమని గాని, వెళ్ళమని గాని నేను చెప్పలేదు. తమ్ముడి వెంట నడిచాను.