పోనివ్వని బేరం

దయ్యాల కథలు ఎవరు అమ్మజూపినా నేను కొన్నవాణ్ణి కాదు. అంబర్‌పేటలో మా నాయన కిరాణా కొట్టులో పెరిగాను. గుప్పిట్లోకి తీసుకుని చూడనిదే కందిపప్పును కూడా నమ్మను.

బేరంలో నాకు వచ్చిన విద్య ఒక్కటే. ధర కుదరకపోతే లేచి వెళ్లిపోవడం. కొంచెం దూరం పోగానే దుకాణదారు పిలుస్తాడు. నా భార్య యాదమ్మ మాత్రం అందాకా పోనిచ్చేది కాదు. నిజంగానే వెళ్లిపోతున్నాననుకుని, వెనక నుంచి నా చొక్కా అంచు పట్టి లాగేది, ఎప్పుడూ ఎడమవైపే. "జర ఆగుండ్రి, ఇస్తడేమో" అనేది. అట్లా ఎన్ని బేరాలు చెడగొట్టిందో.

తొంభైల మొదట్లో జ్వరంతో పోయింది. అప్పటికి నాచారంలో మాకు స్టీలు సామాన్ల దుకాణం. పిల్లలు లేరు. షట్టర్ దించాక ఇంటికి పోబుద్ధి కాక దాని ముందే కూర్చునేవాణ్ణి. ఆమె కలలోకైనా రాలేదు.

పక్క బట్టల దుకాణం శాంతిలాల్ జైనుడు. నా వాలకం చూడలేక ఒక మధ్యాహ్నం ఉప్పల్ అవతల దాదావాడి అనే చోటికి తీసుకుపోయాడు. వందల ఏళ్ల కిందటి వాళ్ల గురువు గుడి అది. దాదా గురుదేవ్ అంటారు. విగ్రహం లేదు. పాలరాతిలో చెక్కిన రెండు పాదాలు, వాటి మీద కేసరి గంధం. అడిగింది ఇస్తాడని పేరు.

"బేరం మాత్రం జెయ్యకు మామా. అడిగి ఊకో" అని చెప్పి అతను బయట మెట్ల మీద కూర్చున్నాడు.

నేను ఊరుకుంటానా? ఆమెను ఒక్కసారి చూపిస్తే ప్రతి పున్నమికీ వస్తానన్నాను. పాదాలు పలకలేదు. పోనీ కలలో అన్నాను. పోనీ గొంతు వినిపించినా చాలన్నాను. ఎదుటివాడు నోరు విప్పకుండానే నేను దిగిపోవడం అదే మొదటిసారి. చివరికి అలవాటుకొద్దీ లేచి వెనుదిరిగాను.

గడప చేరకముందే చొక్కా అంచు ఎవరో లాగారు. ఎడమవైపు. గట్టిగా కాదు.

తిరిగి చూస్తే ఎవరూ లేరు. తగులుకోవడానికి మేకు లేదు, గొళ్లెం లేదు. పూజారి వెనక గదిలో గంధం అరగదీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. శాంతిలాల్ అటు తిరిగి మెట్ల మీదే ఉన్నాడు.

"ఏమన్న ఇచ్చిండా మామా?" అని అడిగాడు.

"ఇయ్యలే. గని పోనియ్యలే" అన్నాను. అతనికి అర్థం కాలేదు. నాకు మాత్రం అయిందా!

తర్వాత చాలాసార్లు వెళ్లి అలాగే లేచి వెనుదిరిగాను. ఏమీ జరగలేదు. ఆ రోజు జరిగింది ఏమిటో ఇప్పటికీ చెప్పలేను. బజారులో బేరం కుదరక లేచినప్పుడు మాత్రం, దుకాణదారు పిలుస్తున్నా వినిపించుకోకుండా, కొంచెం నెమ్మదిగా నడుస్తాను.