బాపు చెప్పగా నేను రాసిన వాంగ్మూలం

మా బాపు, అంటే నాన్న, భూమిలోని వేడి కోసం బోర్లు వేసే సర్వే శాఖలో డ్రిల్లరు. ఇల్లు యాకుత్‌పురా స్టేషను వెనక. పని మాత్రం వేడినీటి ఊటలున్న అడవుల్లో. రెండు నెలలకోసారి వచ్చేవాడు. ఆ వేసవిలో ఆయన్ని అంబులెన్సులో తెచ్చారు. బోరు వాల్వు తిప్పగానే ఆవిరి ఎగజిమ్మిందట. ముఖం, ఛాతీ, రెండు చేతులూ ఉడికిపోయాయి.

నాలుగో రోజు ఆఫీసు నుంచి ఒక అధికారి కాలిన గాయాల వార్డుకు వచ్చి, టైపు చేసిన కాగితం నా చేతిలో పెట్టాడు. “పొరపాటున వాల్వు తిప్పిన అని ఉంది. సంతకమో వేలిముద్రో వేయించమ్మా, ఫైలు తొందరగా క్లోజైతది,” అన్నాడు.

ఆయన వెళ్లాక బాపు కట్లు కట్టిన చేయి కదిపాడు. “పొరపాటు కాదు బిడ్డా. నేను చెప్త, నువ్వు రాయి.”

నేను పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పనిచేసేదాన్ని. ఆయన పనేమిటో ఏనాడూ అడగలేదు. ఆ మధ్యాహ్నం ఒక్కో మాటకు ఊపిరి కూడగట్టుకుంటూ చెప్పాడు.

“కిందికి పోయినకొద్ది వేడి పెరుగుతది. ఎంత లోతుకు ఎంత పెరుగుతదో గదే గ్రేడియంట్. మా బోరుల గది మస్తు తొందరగ పెరిగింది, అంటే రిజర్వాయర్ దగ్గర్నే ఉన్నట్టు. రాసినవా?”

“రాసిన బాపు. రిజర్వాయర్ అన్నవు, చెరువా?”

“చెరువు కాదు, పగుళ్లున్న రాయి. ఆ పగుళ్లల్ల వేడినీళ్లుంటయి. పైన గట్టి రాయి మూతలెక్క కూసుంటది, క్యాప్ రాక్. లోపలి ఒత్తిడికి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగయి. దారి దొరికితే ఒక్కసారే ఆవిరైతయి. ముందుగాల చల్లనీళ్లు పోసి బోరును అణచాలె, ఆగుండ్రి సార్ అని సైటు ఇంజినీరుకు చెప్పిన. ఇయ్యాల్నే వాల్వు తిప్పి రీడింగ్ తీయాలన్నరు.”

“మరి ఎందుకు తిప్పినవ్?”

“ఆర్డరు గదా. భయమైంది. అయినా తిప్పిన. గది గూడ రాయి.”

వద్దన్నాను. వినలేదు, అదీ రాశాను.

మూడు పేజీలు చదివి వినిపించాను. వేలిముద్ర వేయిద్దామంటే బొటనవేలికి చర్మం లేదు. వార్డు నర్సమ్మే సాక్షి సంతకం పెట్టింది. ఏడో రోజు ఆయన పోయాడు.

ఆ పేజీలు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. విచారణ నివేదికలో మాత్రం ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అని వచ్చింది. వెళ్లి నిలదీస్తే వార్డుకు వచ్చిన ఆ అధికారే, “ఈ టెక్నికల్ మాటలు మీకేం తెలుసమ్మా?” అన్నాడు. గ్రేడియంట్ నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. కంప్యూటర్ తెరవైపే చూస్తూ విన్నాడు. తర్వాత లంచ్ టైమైందని లేచాడు.