పచ్చి మాంసం ఇంట్లోకి రావద్దన్నారు

నా భార్యకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు మేము మహబూబ్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నేను కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌ని. మాకు పిల్లల్లేరు. అంతకు మూడేళ్ల ముందు, ఒక వానాకాలం, కూరగాయల మార్కెట్ దగ్గర మురుగు మోరీలో పడిన కుక్కపిల్లను ఆమె కొంగులో చుట్టుకొని ఇంటికి తెచ్చింది. కాస్త పెద్దదవగానే దానికి మాంసం అలవాటు చేసింది. మటన్ దుకాణంలో మిగిలిన కొవ్వు ముక్కలూ పేగులూ అడిగి తెచ్చి, పచ్చివే తరిగి పెట్టేది. వాసన అని నేను ముక్కు మూసుకుంటే, "దాని పండ్లు సూడు, ఎంత తెల్లగున్నయో" అని మురిసిపోయేది.

హైదరాబాద్‌లో కీమో మొదలైన రోజు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. ఒంట్లో తెల్లకణాలు తగ్గిపోతాయట, చిన్న క్రిమి కూడా ప్రాణం మీదికి తెస్తుందట. కుక్క సంగతి నేనే చెప్పాను. డాక్టరమ్మ, కుక్క ఉంటే ఉండనీయండి గానీ, పచ్చి మాంసం మాత్రం ఇంట్లోకి రావద్దని, కుక్కను చేతులు నాకనివ్వద్దని అంది.

తిరుగు రైలులో షాద్‌నగర్ దాటాక నా భార్య నావైపు తిరిగింది.

"దాన్ని ఎవ్వరికీ ఇయ్యొద్దు. ఏం పెడ్తవో నువ్వే సూడు."

మర్నాడు కుక్కలకని దుకాణంలో అమ్మే ఎండు గింజల ప్యాకెట్ తెచ్చి గిన్నెలో పోశాను. కుక్క వాసన చూసి, నా మొహం చూసి, గుమ్మం దగ్గరికి వెళ్లి పడుకుంది. సాయంత్రం కూడా ముట్టలేదు. రెండో రోజు నాలుగు గింజలు తిని కక్కేసింది. లోపల మంచం మీద నుంచి ఆమె అడుగుతూనే ఉంది.

"తిన్నదా?"

"తింటాంది."

"అబద్ధం. గింజలు కొరికితే చప్పుడు రాదా?"

ఆ పూట ఆమె కూడా కంచం పక్కకు నెట్టింది. కీమో వల్ల అసలే నోరు చేదు. దాని ఆకలి గుర్తొస్తే ముద్ద దిగడం లేదంది. నాకు దిక్కు తోచలేదు. మాంసం పెడితే ఆమెకేమవుతుందో, పెట్టకపోతే ఇద్దరూ ఏమవుతారో!

కుక్కను పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టర్ దాని పొట్ట నొక్కి చూసి నన్ను కోప్పడ్డాడు.

"ఒక్కసారే మారుస్తరా? గట్ల చేస్తే కడుపు తట్టుకోదు. పాతదాంట్ల కొత్తది జర జర కలుపుకుంట పోవాలె."

"పాతది పచ్చి మాంసం సార్. ఇంట్ల పేషెంటు ఉన్నది."

"అయితే ఉడకబెట్టు. బొక్క మాత్రం ఏయకు. ఉడికిన బొక్క ఇరిగి పేగుకు గుచ్చుకుంటది."

దుకాణంలోనే ఎముకలు తీయించి, ఇంటి వెనక రేకుల కింద వేరే పొయ్యి పెట్టి, వేరే గిన్నెలో ఉడికించేవాడిని. దాంట్లో గింజలు కలిపితే, మాంసం ఏరుకొని తిని గింజలు వదిలేసేది. చేతులు సబ్బుతో కడిగి, మళ్లీ కడిగి, లోపలికి వెళ్లబోయి మళ్లీ వెనక్కి వచ్చి కడిగేవాడిని. స్తంభం ఎక్కి పని చేస్తున్నప్పుడు కూడా అదే ధ్యాస: పొద్దున తలుపు గడియ ఏ చేత్తో పట్టుకున్నాను?

మూడో కీమో తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. నల్గొండలో ఉండే మరదలికి ఫోన్ చేసి, వచ్చి ఇల్లూ కుక్కా చూసుకోమని చెప్పి, కారు మాట్లాడుకొని హైదరాబాద్ వెళ్లాం. దారి పొడుగునా నేను ఆ వెనక పొయ్యినే తలచుకున్నాను. వార్డు బయట డాక్టరమ్మను పట్టుకొని అడిగేశాను.

"మాంసం వల్లనా మేడం? నేను వండిన దాని వల్లనా?"

"ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేమయ్యా. ఏదైనా కావచ్చు."

కాదు అని ఉంటే బాగుండేది. ఔను అన్నా ఏదో ఒకటి తెలిసేది.

జ్వరం తగ్గుతూ పెరుగుతూ ఉంది. ఒక మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది.

"బావా, నాకు ఆ మాంసం వండుడు చాతకాలే. నీళ్లల్ల నానబెట్టి ఉత్త గింజలే పెట్టిన. అంతా తిని గిన్నె నాకుతాంది."

ఆ మాట నా భార్యకు చెప్పాను. మొదట నమ్మలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని చెల్లెలితో మళ్లీ చెప్పించుకుంది. తర్వాత కళ్లు తుడుచుకొని, "క్యాంటీన్‌ల ఇడ్లీ దొరుకుతదా?" అని అడిగింది. మెట్ల మీద పరుగెత్తాను.

జ్వరం దిగింది. కీమో అయిపోయింది, తర్వాత ఆపరేషన్ కూడా. ఇప్పుడు ఆర్నెల్లకోసారి పరీక్షకు వెళ్లి వస్తున్నాం. జుట్టు మళ్లీ ఒత్తుగా వచ్చింది. కుక్క మాత్రం గింజల మీద కాస్త లావెక్కింది, పళ్లకు పాచి పట్టింది. అది చూసినప్పుడల్లా ఆమె మనసు లాగుతుంది.

"ఇగ నాకేం ఫికర్ లేదు. ఒక్కపూటన్న పచ్చిది పెట్టనియ్యి."

ఈమధ్య పశువుల డాక్టర్‌నే అడిగాం. గింజలూ పచ్చి మాంసమూ రెండింటిలోనూ మంచీ ఉంది, చెడూ ఉంది, మీ ఇంటి సంగతి మీకే తెలుసు అన్నాడు. చివరికి రోజూ గింజలు, ఆదివారం సాయంత్రం మాత్రం ఉడికిన మాంసం అని ఒప్పందానికి వచ్చాం. పచ్చిదానికి నేనింకా ఒప్పుకోలేదు. ఆమె అడగడం మానలేదు. వచ్చే నెల పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరమ్మను తనే అడుగుతానంటోంది. ఆవిడ సరే అంటుందేమోనని ఇప్పటినుంచే నాకు భయం పట్టుకుంది.