శాన్ హువాన్‌లో పసుపు గొడుగు

ఊరు చూడబోయి, పరాయివాళ్ళ ఇంట్లోకి చెప్పులతో సహా దూరి, ఇంటాయన్నే చీవాట్లు పెట్టిన ఘనురాలిని నేను. ఆ భాగోతం నేను చెప్పకపోతే మావారు చెబుతారు, ఇంకాస్త మసాలా వేసి.

ఎనభైలలో మాట. ఒహాయోలో ఉండేవాళ్ళం. మయామీలో ఓడెక్కి ప్యూర్టోరికో వెళ్ళాం. శాన్ హువాన్‌లో కోటగోడల మధ్య పాతనగరమంతా నడిచి చూడాలట. "పసుపు గొడుగు పట్టుకున్న గైడ్ వెనకాలే రండి" అన్నారు ఓడవాళ్ళు.

నీలం రాళ్ళు పరిచిన వీధులు, బాల్కనీల నిండా పూలు. వాటినే చూస్తూ కాసేపు నిలబడిపోయాను. తల దించేసరికి ముందు పసుపు గొడుగు కనబడింది. మావారిని లాక్కుని దాని వెంట పడ్డాను.

గొడుగాయన పెద్దవాడు, చేతిలో రొట్టెల సంచీ. నడుస్తాడే గానీ నోరు విప్పడు. దారంతా ఎత్తే. నా కుచ్చిళ్ళు వీధులు ఊడుస్తున్నాయి. ఎండ నన్ను పెనం మీద అట్టులా రెండువైపులా కాలుస్తోంది.

"ఒక్క ముక్కయినా చెప్పడేమండీ ఈయన?"

"మిగతావాళ్ళేరి సుగుణా? ఆయన గైడేనంటావా?"

"గొడుగు పసుపా, కాదా? మీకన్నీ డౌట్లే."

ఆయన ఒక పచ్చ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. మేమూ వెళ్ళాం. లోపల చల్లటి వాకిలి, పంజరంలో చిలక. ఒకావిడ గరిటె పట్టుకుని తొంగిచూసింది. టూరిస్టుల కోసం పెట్టిన వేషమనుకుని ఆవిడకి చెయ్యి ఊపి, ఊగుడు కుర్చీలో కూలబడ్డాను. అప్పుడందుకున్నాను ఇంగ్లీషులో:

"ఇంత దూరం నడిపించారు. ఇది ఎవరు కట్టారో, ఎప్పుడు కట్టారో చెప్పారా? ఇదేనా మీ పద్ధతి?"

ఆయన గొడుగు ముడిచి నెమ్మదిగా అన్నాడు. "మా తాతగారు కట్టారు మేడమ్. ఎప్పుడు కట్టారన్నది మా ఆవిడకి తెలుసు."

"అంటే... ఇది మీ ఇల్లా?"

"అవును. బజారు నుంచీ నా వెనకే వస్తున్నారు. ఏం పనో అడిగితే మర్యాదగా ఉండదని ఊరుకున్నాను."

గుడ్డెద్దు చేలో పడిందంటే అర్థముంది. రెండు కళ్ళూ, వాటికి అద్దాలూ ఉన్న నేను వాళ్ళ వాకిట్లో పడ్డాను. మావారు గోడవైపు తిరిగారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

"ఆ మాటేదో వీధిలోనే చెప్పొచ్చుగా" అన్నాను, కోపం ఎక్కడ దింపుకోవాలో తెలియక.

ఆవిడ కాఫీ ఇచ్చింది. ఇంతలో ఓడ కూత వినబడింది. పెద్దాయన మళ్ళీ గొడుగు తీసి, అడ్డదారిన రేవు దాకా దిగబెట్టాడు. అక్కడ అసలు గైడ్ చెమటలు కక్కుతూ, "ఎక్కడికి పోయారు? నిచ్చెన తీసేస్తున్నారు" అని మండిపడ్డాడు.

మావారు మెట్లెక్కుతూ, "మా గైడే నయం, కాఫీ కూడా ఇప్పించాడు" అన్నారు.

సముద్రుడి సాక్షిగా ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో ఎవరినైనా సరే, ఎవరో కనుక్కోకుండా తిట్టను. మావారి సంగతి వేరు. ఆయనెవరో నాకు తెలుసు.