చెల్లెలి పళ్లు

నిన్న టెట్రాసైక్లిన్ క్యాప్సూళ్ల పెట్టెలోని కాగితంలో, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని చదివాను.

డెబ్భైల్లో, పుంగనూరులో, మూడేళ్ల నా చెల్లెలికి మాటిమాటికీ జ్వరం వచ్చేది. కాంపౌండరు ఇచ్చిన ఆ క్యాప్సూల్ విప్పి, పసుపుపొడిని అమ్మ తేనెలో కలిపేది. చేదుకు అది తన్నుకుంటుంటే కాళ్లు పట్టుకునేది నేనే.

పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. అన్నిటి మీదా గోధుమరంగు చారలు.

"యాడో మన్ను తింటాండాది. నువ్వే బాగా తోమమ్మా," అంది అవ్వ నాతో.

నేను నమ్మాను. రోజూ బొగ్గుపొడితో చిగుళ్లలో నెత్తురు వచ్చేదాకా తోమాను.

"నేను మన్ను తినలేదక్కా!"

"అబద్దాలు సెప్పొద్దు. నోరు తెరువు."

నిన్నటి కాగితం ప్రకారం ఆ రంగు, పళ్లు చిగుళ్లలో తయారవుతున్నప్పుడే ఆ మందు వల్ల పట్టిందట.

ఇప్పటికీ నా ఎదుట మాత్రం చెల్లెలు పెదవులు విప్పకుండానే నవ్వుతుంది.